రెండింటి దాకా ఆగలేని నోరు

మా ఆయన నన్ను ఎగతాళి చేసే మాట ఒకటుంది. "నీ నోరు గనిలకు దింపితె మందుగుండు అక్కర లేదే, బొగ్గు దానంతటదే రాలుతది." పెళ్ళయిన కొత్తలో అది పొగడ్తే అనుకున్నాను. ఆ తర్వాత కూడా చాలా కాలం అలాగే అనుకున్నాను. గోదావరిఖని షేర్ ఆటోలో డ్రైవరు తన పక్కన ముగ్గుర్ని కుక్కితే ఒకణ్ణి దింపించి గానీ ఆటో కదలనివ్వలేదు. రేషన్ దుకాణంలో తరాజు కింద అంటించిన అయస్కాంతాన్ని పీకి అందరి ముందూ బల్ల మీద పెట్టాను. కాలేజీలో ప్రిన్సిపాల్‌కు ఏదైనా చెప్పాల్సి వస్తే మిగతా లెక్చరర్లు నన్నే ముందుకు తోస్తారు. ఎం.ఏ. చదివాను, పిల్లలకు పౌరశాస్త్రం చెబుతాను. వాదనలో ఓడి ఇంటికొచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు రాస్తున్నది కూడా గెలిచిన రోజు గురించే. ఆ రోజు నా మాటకు గేటు ముందు కూర్చున్న మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. అందువల్ల చచ్చిపోయిన ఒక మనిషికి దొంగ అనే పేరు చెరగకుండా ఉండిపోయింది. గని పేరు, నంబరు రాయను. ఇక్కడివాళ్ళకు తెలుసు, మిగతావాళ్ళకు అక్కర్లేదు.

మా క్వార్టర్ల వెనక గల్లీలో, రిటైరైన కార్మికుడొకాయన తన ఇంటి పక్కన వేసిన రేకుల గదిలో ఒక జంట అద్దెకుండేది. అతను గనిలో కాంట్రాక్టు కూలీ. ఆమె నా చీరలకు ఫాల్ కుట్టేది. నన్ను అక్కా అనేది, అతను మాత్రం మేడం అనేవాడు. "చెల్లె మొగుడు వరసకు నాకు మరిదైతడు, మేడం ఏందయ్యా" అంటే, "సదువుకున్నోళ్ళను వరస గలిపి పిలిస్తె మల్ల చేబదులు అడుగుతరేమో అని భయపడుతరు మేడం" అనేవాడు. డ్యూటీ దిగి రెండుసార్లు స్నానం చేసినా చెవుల మడతల్లో నల్లగానే ఉండేది. "నా చెవిల ఇంకో గని ఉన్నది మేడం, లీజుకిస్త, తీసుకుంటరా?" అని అడిగేవాడు. అతనూ మా ఆయనా పోయేది ఒకే గనికి. పీల్చేది ఒకే దుమ్ము. కానీ మా ఆయన కంపెనీ మనిషి, ఫిట్టరు. మాకు క్వార్టరుంది, దవాఖాన ఉంది, మా ఆయనకేమైనా అయితే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఉంది. అతనికి ఉన్నదల్లా కాంట్రాక్టరు సూపర్‌వైజరు చంకలో పెట్టుకు తిరిగే పొడుగు నోటు పుస్తకంలో ఒక గీత. ఆ గీత ఉంటే ఆ రోజు అతను పనివాడు. లేకపోతే ఎవరూ కాడు.

వానాకాలంలో ఒక పొద్దున అతను ఫస్టు షిఫ్టుకు పోయాడు. పదకొండు గంటలప్పుడు లోపల పైకప్పు నుంచి బండ పడింది. మా ఆయన సాయంత్రం వచ్చి బూట్లు విప్పకుండా గడప మీదే కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చేలోపే "పోయిండు" అన్నాడు. ఎవరని అడగలేదు. వెనక గల్లీలోంచి ఏడుపు అప్పటికే వినిపిస్తోంది.

ఏడుపుతో పాటే ఇంకో మాట కూడా వచ్చింది. ఆ రోజు నోటు పుస్తకంలో అతని పేరు ముందు గీత లేదట. అతనికి ఆ పూట పనే లేదట. శవం దొరికిన చోట ఎవరికీ పని చెప్పలేదట. మరి లోపలికెందుకు పోయాడు? రాగి తీగల కోసం. పాత కేబుళ్ళు కోసి అమ్ముకునే దొంగలు గనుల్లో ఉంటారు, అది అబద్ధం కాదు. అందుకే ఈ అబద్ధం అంత తేలిగ్గా నిలబడింది. ఇంట్లోకి చుట్టాలు రాకముందే దొంగ అనే మాట వచ్చి కూర్చుంది.

ఆమె ఆ సాయంత్రం నన్ను అడిగింది ఒక్కటే. "అక్కా, ఇంక నాకేం వద్దు. ఆయన డ్యూటీకి పోయిండని రాయమను. దొంగతనానికి పోలేదని రాయమను. గంతే." ఉద్యోగం గురించి, పరిహారం గురించి చుట్టుపక్కలవాళ్ళు మాట్లాడుతున్నారు. ఆమె మాట్లాడలేదు. ఏడేళ్ళ కూతురు ఆమె మోకాలి మీద తల పెట్టి పడుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే ల్యాంప్ రూం చాచా డ్యూటీకి పోతూ ఆ రేకుల గది ముందు సైకిలు ఆపాడు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉన్న పెద్దమనిషి. పక్క బజారులోనే ఉంటాడు, అందరికీ చాచాయే. అతను చెప్పింది అర్థం కావాలంటే ల్యాంప్ రూం సంగతి చెప్పాలి.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ తల మీద పెట్టుకునే లైటు ఒకటి ఇస్తారు. ఇచ్చే గది గేటు దాటగానే ఉంటుంది. అందులో గోడ నిండా చెక్క బోర్డు, బోర్డు నిండా నంబర్లు వేసిన కొక్కేలు. ప్రతి మనిషికీ తన నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఉంటుంది. లైటు తీసుకునేటప్పుడు ఆ బిళ్ళ కొక్కేనికి తగిలిస్తారు. పైకొచ్చి లైటు తిరిగిచ్చాక తీసేస్తారు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. చదువు రానివాడు కూడా చదవగలిగే పుస్తకం అది. కంపెనీవాళ్ళు తమ బిళ్ళలు జేబులో వేసుకుని ఇంటికి పోతారు. కాంట్రాక్టు వాళ్ళవి ఇంటికివ్వరు, ఆ గదిలోనే ఒక రేకు డబ్బాలో ఉంటాయి. పొద్దున వచ్చి నంబరు చెబితే చాచా డబ్బాలోంచి బిళ్ళ తీసి కొక్కేనికి తగిలించి లైటు చేతికిస్తాడు.

"నా చేత్తోని ఇచ్చిన బేటీ లైటు" అన్నాడు చాచా, ఆమె ముందు గొంతుక్కూర్చుని. "ఆరు నలభైకి వచ్చిండు. చాచా, నిన్నటి లైటు గుడ్డిగ మండుతున్నది, మంచిది ఇయ్యరాదు అన్నడు. మార్చిచ్చిన. గా లైటు బండ కింద నుగ్గయింది, దాని నంబరు గూడ కనవడతలేదు. దొంగోడు వచ్చి కిటికి కాడ నిలబడి నంబరు జెప్పి లైటు మార్చియ్యమంటడా? ఆయన బిళ్ళ ఇంక కొక్కేనికే ఉన్నది. నిన్న సాయంత్రం తీసెయ్యుమన్నరు. తియ్యలే. బోర్డు మొత్తం ఖాళీ, గా బిళ్ళ ఒక్కటే ఉన్నది. రెండింటికి సేఫ్టీ ఇన్‌స్పెక్టరు సాబ్ వస్తుండు. ఆయన కండ్లతోని చూసేదాక ఎవ్వల్ని ముట్టనియ్య. ఫికర్ జెయ్యకు."

ఆ మాటకు ఆమె మొహంలో మొదటిసారి కొంచెం ప్రాణం వచ్చింది. చాచా వెళ్ళేటప్పుడు నా వైపు తిరిగి, "మీరు గూడ జెర్ర రెండింటి దాక ఊకోండ్రి మేడం" అన్నాడు. మామూలుగానే చెప్పాడు. నాకెందుకు ప్రత్యేకంగా చెప్పాడో అప్పుడు ఆలోచించలేదు.

ఫోటో తీసుకోవచ్చు కదా అని మీరంటారు. ఇప్పుడు నేనూ అంటాను. గనిలోకి దిగేవాళ్ళు ఫోన్లు గేటు దగ్గరే వదిలేసి పోవాలి. చాచాకు బటన్ల ఫోను, అది ఎప్పుడూ ఇంట్లో భార్య దగ్గరే ఉండేది. అయినా ఆయనకు ఫోటో మీద నమ్మకం లేదు. ఆఫీసరు వచ్చి బోర్డు ముందు నిలబడి చూడాలి, అంతే.

ఆ రోజు గని బంద్. ఎనిమిదింటికల్లా గేటు ముందు టెంటు వేశారు. శవం దవాఖానలోనే ఉంది. విషయం తేలేదాకా తీసుకునేది లేదని సంఘంవాళ్ళు చెప్పారు. ముందు వరసలో ఆమె, ఒళ్ళో పాప, పక్కన నేను, మా వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు. మగవాళ్ళలో అతనితో కలిసి పనిచేసిన ఇద్దరు కూలీలు కూడా ఉన్నారు. ముందు రోజు పొద్దున అతనితో పాటు లోపలికి దిగినవాళ్ళే. ఇన్‌స్పెక్టరు అడిగితే చెబుతామని ఆమెకు మాటిచ్చారు. కార్మిక సంఘం పెద్దాయన మైకులో ఒకటే చెబుతున్నాడు: "రెండింటికి సారొస్తడు. శాంతంగ కూసుందాం."

శాంతంగానే కూర్చున్నాం. నాలుగు గంటలు కూర్చుంటే లోకల్ విలేకరి ఒకడొచ్చాడు. టెంటును ఒక ఫోటో తీసి, టీ తాగి, "ఏమన్న అయితె ఫోన్ జెయ్యండ్రి" అని పోయాడు. మనిషి చచ్చిపోయాడురా అని నేను అరవబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

పన్నెండున్నరకు కాంట్రాక్టరు మనిషి మోటారు సైకిలు మీద వచ్చి గేటు పక్క నీడలో ఆపాడు. టెంటు వైపు చూసి గేటు దగ్గరి కాపలావాడితో అన్నాడు, మాకు వినబడాలనే అన్నాడు: "తీగల దొంగకు టెంటు గూడ ఏసిండ్రా! రేపు విగ్రహం బెడుతరేమో."

పాప తల పైకెత్తి అడిగింది, "తీగల దొంగంటె ఎవలమ్మా?"

నేను లేచాను. పెద్దాయన చేతిలోంచి మైకు లాక్కున్నాను. ఆమె నా చీర కొంగు పట్టుకుని కిందికి గుంజింది. "అక్కా, కూసో. చాచా చెప్పిండు గదా రెండింటి దాక ఆగుమని. నీ కాల్మొక్త, కూసో."

"నువ్వూకో. నీకేం తెల్వదు" అన్నాను. నా గొంతు మైకులో వినిపించింది. ఆ మాట అందరూ విన్నారు.

మొదట మంచిగానే మాట్లాడాను. ఇప్పటికీ ఆ మాటల్లో తప్పు దొరకదు నాకు. బండ ఎందుకు పడింది? ముందు షిఫ్టులో పైకప్పు ఎవరు చూశారు? చూసి ఏం రాశారు? కంపెనీ మనిషి హాజరు మెషీన్‌లో పడితే, కాంట్రాక్టు మనిషి హాజరు పెన్సిలు గీత ఎందుకైంది? ఒకటి తర్వాత ఒకటి అడిగాను. క్లాసులో చెప్పినట్టు చెప్పాను. అందరూ వింటున్నారు, తలలూపుతున్నారు. కానీ చప్పట్లు లేవు. కాంట్రాక్టరు మనిషి నీడలో నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు చచ్చిపోయినవాడు గుర్తు లేడు. వాడి నవ్వు ఆగాలి. అంతే.

నా చేతులకున్న గాజు గాజులు ఊడదీశాను. మగవాళ్ళ వైపు విసిరాను. "ఈడ మీ తోటోని పట్టుకొని దొంగ అంటుంటె కూసున్నరు గదా, ఇగో తొడుక్కోండ్రి!" అన్నాను.

ఆడదాని గాజుల్ని తిట్టుగా వాడితే క్లాసులో ఎంత పెద్ద పిల్లాణ్ణయినా లేపి నిలబెట్టేదాన్ని. ఆ రోజు చప్పట్లు దానికే వచ్చాయి. చప్పట్లు కాదు, అది ఇంకేదో శబ్దం. కాంట్రాక్టరు మనిషి నవ్వు ఆగింది. బండి స్టార్ట్ చేసుకుని పారిపోయాడు. నేను గెలిచాను.

వాడు పోయాక ఆ కోపానికి ఎదురుగా ఇంకెవరూ లేరు, గేటు ఒక్కటే ఉంది. గేటు పడిపోయింది. బయటివాళ్ళు చొరబడ్డారని తర్వాత చాలామంది అన్నారు. బయటివాళ్ళు ఎవరూ లేరు. నేను మొహాలు చూశాను. మా కాలనీవాళ్ళు, మా గల్లీవాళ్ళు, నా దగ్గర రెండేళ్ళు చదువుకున్నవాడొకడు. ఆఫీసు లోపల ఎక్కడో దూరంగా ఉంది. గేటు దాటగానే మొదట కనబడే అద్దాల కిటికీ ల్యాంప్ రూందే. కంపెనీ రంగు, కంపెనీ గోడ. అది చాలు వాళ్ళకు. ఆ గది తమదేనని, రోజూ తమ ప్రాణం లెక్క చూసే గది అదొక్కటేనని ఆ నిమిషంలో ఒక్కరికీ తట్టలేదు.

నేను మైకులో "ఆగండ్రి, ఆగండ్రి" అన్నాను. వైరు ఎప్పుడో ఊడిపోయింది.

లోపల చాచా బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడట. "అరే, మీ బిళ్ళలేరా గవి! మీవేరా!" అని అరిచాడట. ఒక రాయి ఆయన నుదుటికి తగిలింది. బోర్డు ఊడి ముందుకు పడింది. రేకు డబ్బా తలకిందులైంది. లైట్లు ఇచ్చిన లెక్క రాసే రిజిస్టరు ఎవరో చించి బయటికి విసిరారు, వాన నీళ్ళలో తొక్కేశారు. నేను వెళ్ళేసరికి నేలంతా గాజు పెంకులు, రేకు బిళ్ళలు, వాటి మధ్య చాచా తువ్వాలు తలకు అదిమి పట్టుకుని మోకాళ్ళ మీద వెతుకుతున్నాడు. రక్తం కళ్ళలోకి దిగుతుంటే తుడుచుకుంటూ ఒక్కో బిళ్ళా తీసి నంబరు చూస్తున్నాడు.

దొరికింది. అతని బిళ్ళ దొరికింది. కొక్కేనికి వేలాడినప్పుడు అది మనిషి లోపలికి పోయాడని చెప్పే సాక్ష్యం. డబ్బాలో ఉంటే, మనిషి ఆ రోజు లైటే తీసుకోలేదని అర్థం. నేల మీద, డబ్బాలోంచి పడిన బిళ్ళలన్నిటి మధ్య అది ఏదీ కాదు.

ఇన్‌స్పెక్టరు సరిగ్గా రెండింటికి వచ్చాడు. ఆలస్యంగా వచ్చి ఉంటే నాకొక వంక దొరికేది. మంచి మనిషి. బూట్ల కింద గాజు కరకరలాడుతుంటే గదంతా తిరిగి చూశాడు. చాచాను అప్పటికే దవాఖానకు తీసుకెళ్ళారు. ఆ బిళ్ళ నేను ఆయన చేతికిచ్చి మొత్తం చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది నిన్న ఎక్కడుందో ఇప్పుడు నేనెలా రాయను?" అన్నాడు.

సాయంత్రానికి ఐదు కెమెరాలొచ్చాయి. మా కాలేజీ స్టాఫ్ రూంలో ఒకాయన ఇప్పటికీ వాదిస్తాడు, "అద్దం పగలకపోతె ఎవడు ఇంటడు మేడం? నాలుగు గంటలు కూసుంటె ఎవడన్న వచ్చిండా?" రాలేదు. టీ తాగి పోయినవాడొక్కడు తప్ప, ఒప్పుకుంటాను. అద్దం పగిలాకే వచ్చారు. వచ్చి ఏం అడిగారు? అద్దం గురించి అడిగారు. ఎన్ని లైట్లు పగిలాయి, గేటు ఎవరు తోశారు, ముసలాయన తల ఎవరు పగలగొట్టారు. బండ ఎందుకు పడిందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నేను చెప్పబోతే మైకు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళనేమనాలి? మేం వాళ్ళకు చూపించిందే వాళ్ళు చూశారు. రాయి విసిరిన ప్రతి చెయ్యీ ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంది. ఆ కొక్కేనికి వేలాడిన బిళ్ళ ఏ ఫోన్‌లోనూ లేదు.

కేసులు పెట్టారు. అతనితో కలిసి లోపలికి దిగిన ఆ ఇద్దరు కూలీల పేర్లు ముందు రాశారు. వాళ్ళు గేటు తోసినవాళ్ళలో ఉన్నారు, అదీ నిజమే. నేరం మోపబడ్డవాళ్ళ మాటకు విచారణలో విలువ లేకుండా పోయింది. ఒకతను బెల్లంపల్లిలో అత్తగారింటికి పోయి తిరిగి రాలేదు. రెండోవాడు వాంగ్మూలంలో నేనేం చూడలేదన్నాడు. చాచా మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. తలకు గాయమైనందున ఆయన జ్ఞాపకం మీద పూర్తిగా ఆధారపడలేమని రాసుకున్నారు.

నా మీద కేసు లేదు. గాజులు విసరడం నేరం కాదు కదా. నేనే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, రెచ్చగొట్టింది నేనని చెప్పాను. అక్కడి అధికారి నవ్వాడు. "మీరు లెక్చరరు మేడం. ఇంటికి పోండ్రి."

చాచాను చూడటానికి వెళ్ళాను. పట్టీ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య టీ కప్పు నా ముందు పెట్టి, "తుమారేచ్ లోగాం మారే నా" అంది. మీవాళ్ళే కదా కొట్టింది అని. గొంతులో కోపం లేదు, ఆరా తీసినట్టు అడిగింది. చాచా ఆమెను కసిరి, నాతో అన్నాడు, "ఇరవై తొమ్మిదేండ్లయింది బేటీ ఆ కిటికి కాడ. ఒక్క బిళ్ళ పోగొట్టలె." నేను తప్పయిందన్నాను. ఆయన వినిపించనట్టే టీ తాగమన్నాడు.

మూడు నెలల తర్వాత కాగితం వచ్చింది. ఆమె దాన్ని మడత కూడా విప్పకుండా నా దగ్గరికి తెచ్చింది. చదివి చెప్పాను. మానవతా దృక్పథంతో కాంట్రాక్టరు కొంత సాయం చేస్తాడు, ఆమెకు కాంట్రాక్టు కింద ఆఫీసు ఊడ్చే పని ఇస్తారు.

"ఆయన డ్యూటీల చచ్చిపోయిండని ఉన్నదా అక్కా?"

"లేదు."

"దొంగ అని ఉన్నదా?"

"లేదు చెల్లె."

"మరేమున్నది?"

నేను మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. మంచి తెలుగు, ఒక్క అచ్చు తప్పు లేదు. అతని గురించి అందులో ఏమీ లేదు. ఎవరో ఒకరు చనిపోయారు, ఎవరో ఒకరికి దయ కలిగింది. ఆమె కాగితం తీసుకుని, కింద ఒప్పుకున్నట్టు పెట్టాల్సిన వేలిముద్ర కోసం నా ముందే వేలు చూసుకుని, మళ్ళీ గుర్తొచ్చినట్టు "నాకు సంతకం వస్తది గదా" అనుకుంటూ పోయింది.

ఆమె నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఏదో ఒకటి వాదించి ఉండేదాన్ని, నాకు తెలుసు. కొంగు పట్టుకుని గుంజిన సంగతి ఆమె ఎత్తలేదు. చీరలకు ఫాల్ కుట్టడం మానలేదు. పొద్దున నాలుగిళ్ళ అవతలి నుంచి చీపురు, బకెట్టు పట్టుకుని నడిచిపోతూ "అక్కా, కాలేజికి టైం కాలేదా?" అని పలకరించి పోయేది.

ఆ తర్వాత నేను ఆమె తరఫున మూడు అర్జీలు రాశాను. బాగా రాశాను. బండ సంగతి, పెన్సిలు గీత సంగతి, చాచా వాంగ్మూలం, అన్నీ వరసగా పెట్టాను. చివర సాక్షిగా నా సంతకం, నా డిగ్రీ, నా కాలేజీ హోదా. ఏడాదికో రెండేళ్ళకో జవాబు వచ్చేది. మాటలు మారేవి కానీ సంగతి ఒక్కటే. గేటు వద్ద జరిగిన హింసాత్మక ఘటనలో సంబంధిత రికార్డులు ధ్వంసమైనందున ఈ విషయంలో నిర్ధారణకు రాలేకపోతున్నాం. ఆ వాక్యంతో నేను వాదించలేను. అది అబద్ధమైతే చీల్చి చెండాడేదాన్ని.

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది. పాప ఇప్పుడు పదో తరగతి. బళ్ళో ఏదో గొడవలో ఒక పిల్ల దాన్ని "తీగల దొంగ బిడ్డ" అందట. ఇన్నేళ్ళ తర్వాత, ఆ రోజుకు ఏడేళ్ళు కూడా ఉంటాయో లేవో ఆ పిల్లకు, ఎక్కడ విందో ఆ మాట. పాప రెండు రోజులుగా బడికి పోవడం లేదు.

"కొత్త సారొచ్చిండట అక్కా ఆఫీసుల. మంచోడంటున్నరు. ఇంకొక్కసారి రాయరాదు."

రాశాను. ఈసారి వాదన పెట్టలేదు. అతను ఆరు నలభైకి కిటికీ దగ్గరికి వచ్చాడని, నిన్నటి లైటు సరిగా వెలగడం లేదని చెప్పి మార్పించుకున్నాడని, అదే రాశాను. చాచా ఆమెకు ఆ పొద్దున చెప్పిన మాటలు చెప్పినట్టే పెట్టాను. ఆమె పక్కన కూర్చుని నా పెన్ను కదలడం చూస్తూ ఉంది. పేజీన్నర అయ్యింది. కింద ఆమె పేరు రాసి, ఆమె సంతకానికి చోటు వదిలి, పక్కన "సాక్షి" అని రాయబోయాను.

ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"అక్కా, ఏమనుకోకు. నీ సంతకం వద్దు ఈసారి."

నేను తలెత్తాను.

"నీ పేరు జూడంగనె వాళ్ళకు అద్దాలే యాదికొస్తయ్. ఈ ఒక్కసారన్న ఆయన యాదికి రావాలె."

పెన్నుకు మూత పెట్టి, కాగితం ఆమె చేతికిచ్చాను.